బా ఫ్రిజ్‌లో బిహీ గింజలు

ఆ రోజుల్లో దగ్గాలంటే ధైర్యం కావలసివచ్చేది. ఇప్పుడు ఎవరైనా దగ్గితే మంచినీళ్లు అందిస్తాం, మహా అయితే వీపు మీద రెండు తడతాం. కరోనా వచ్చిన మొదటి ఎండాకాలంలో అలా కాదు. ఒక్క దగ్గు వినబడితే చాలు, సందులో కిటికీలు ఒకదాని వెంట ఒకటి మూసుకునేవి. తుమ్మినవాడు ఆ తుమ్ము తనది కానట్టు పక్కవాడి వైపు చూసేవాడు. (పక్కన ఎవరూ లేకపోతే కుక్క వైపు చూసేవాడు. నేను కళ్లారా చూశాను.) ఆ కాలాన్ని తలుచుకుని నవ్వవచ్చా అని నాకు ఇప్పటికీ ఒక సంకోచం ఉంది. ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాని మనుషులు మా సందులోనూ ఉన్నారు. కానీ ఆ రోజులు గుర్తొస్తే నాకు ముందు భయం గుర్తుకు రాదు, మా ఓనరమ్మ ఫ్రిజ్ గుర్తుకొస్తుంది. అందులో పై అరలో, దేవుడి ప్రసాదం పక్కన, మా బాపు దాచుకున్న చిన్న స్టీలు డబ్బా గుర్తుకొస్తుంది. ముందు నవ్వొస్తుంది. ఆ వెనకే ఆ మనుషులందరికీ ఒకసారి దండం పెట్టాలనిపిస్తుంది.

మాది సిరిసిల్ల వైపు పల్లె. నేను పుట్టకముందే బాపు సాంచాలు నడపడానికి సూరత్ వచ్చాడు. సాంచాలంటే మరమగ్గాలు, మావాళ్ల మాటలో. నేను పుట్టిందీ పెరిగిందీ బడికి వెళ్లిందీ అంతా సూరత్ శివారు వడోద్‌లోనే. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, ఓనరమ్మతో గుజరాతీ. కోపం వస్తే మూడూ కలిసి వచ్చేవి. సాంచాల షెడ్డులో పక్కమనిషి మాట వినబడదు కాబట్టి అక్కడ పనిచేసే వాళ్లందరివీ పెద్ద గొంతులే. అందులో మా బాపుది మరీ పెద్దది. ఆయన అమ్మకు రహస్యం చెబితే మూడో గదివాళ్లు "అవునా!" అనేవారు. లాక్‌డౌన్ పెట్టి షెడ్లన్నీ ఒక్కసారిగా మూసేసరికి వడోద్ అంతా నిశ్శబ్దమైపోయింది, ఆ నిశ్శబ్దంలో మా బాపు గొంతొక్కటే మిగిలింది. "బిడ్డా, జర చాయ్ పొయ్యి" అని ఆయన అంటే సందు మొదట్లో కాపలా ఉన్న పోలీసు తల తిప్పి చూసేవాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. రింగు రోడ్డు మార్కెట్లో ఒక చీరల దుకాణంలో చీరలు విప్పి చూపించే పని దొరికింది. ఆ పని కోసం కొన్న చెప్పులు కొత్తదనం పోకముందే దుకాణం మూతబడింది. ఇక బాపు, అమ్మ, నేను, ఒక గది, ఒక కిటికీ.

బాపు గొంతుతో ఎవరికీ ఇబ్బంది లేదు. వచ్చిన చిక్కంతా బాపు దగ్గుతో. అది ఇప్పటిది కాదు. ఏళ్ల తరబడి షెడ్డులో పోగుల నూగు పీల్చి పీల్చి తెచ్చుకున్న పాత దగ్గు. సాంచాల చప్పుడులో అది ఎవరికీ వినబడేది కాదు, అలాంటిదొకటి ఉందని మేమే మరిచిపోయాం. తీరా ఊరంతా నోరు మూసుకున్నాక అది బయటపడింది. సరిగ్గా అప్పుడే మా ఓనరమ్మ మెట్ల మీద నిలబడి ప్రకటన చేసింది. ఆమెను బిల్డింగంతా 'బా' అనేవాళ్లం. గుజరాతీలో అమ్మనైనా, పెద్దావిడనైనా అలాగే పిలుస్తారు. "ఎవరి గదిలో దగ్గు వినబడుతుందో ఆ గది ఆ పూటే ఖాళీ. మళ్లీ చెప్పను," అంది బా. ఆమె చెడ్డమనిషి కాదు, భయపడిన మనిషి. ఆమె భర్తకు, అంటే మా దాదాకు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. కానీ మేమెక్కడికి పోవాలి? రైళ్లు లేవు, బస్సులు లేవు. పక్క సందులో ఒక కుటుంబాన్ని బిందెలూ పరుపులతో సహా రోడ్డు మీద నిలబెట్టారని విన్నప్పటి నుంచి అమ్మకు అన్నం దిగడం లేదు.

"సూడు, దగ్గితె దగ్గు గని సప్పుడు రావొద్దు," అంది అమ్మ.

"సప్పుడు లేకుంట దగ్గుడెట్లనే? నువ్వు దగ్గి సూపియ్యి, నేను నేర్చుకుంట," అన్నాడు బాపు.

అమ్మ దిండు తెచ్చి బాపు మొహానికి అదిమింది. దిండులోంచి ఎద్దు రంకె వేసినట్టు వచ్చింది. దుప్పటి కప్పి చూసింది. దుప్పటి లేచి పడింది తప్ప చప్పుడు తగ్గలేదు. చివరికి ఆమెకో ఉపాయం తట్టింది. నా వైపు తిరిగి, "బాపు దగ్గంగనే నువ్వు పాటందుకో. గట్టిగ పాడాలె," అంది.

నాకు పాట రాదు. బడిలో ప్రార్థనకు నన్ను చివరి వరుసలో నిలబెట్టి పెదవులు మాత్రం కదపమనేవారు. అయినా గది నిలబడాలంటే తప్పదు కదా. బాపు గుండె మీద చెయ్యి పెట్టి వేలు పైకెత్తితే దగ్గు వస్తోందని గుర్తు, నేను అందుకోవాలి. సినిమా పాట, బతుకమ్మ పాట, బడి ప్రార్థన, ఏది నోటికొస్తే అది. మాటలు మరిచిపోతే ఎక్కాలకు రాగం తీసేదాన్ని. దగ్గు మాత్రం నేను గొంతు సవరించుకునేదాకా ఆగేది కాదు. ఒకసారి నోట్లో అన్నం ముద్ద ఉండగా బాపు వేలెత్తాడు. ఆ పూట పాడిందేమిటో నాకూ తెలియదు, వినబడింది మాత్రం సందు చివరిదాకా. మర్నాడు మెట్ల దగ్గర బా నన్ను ఆపింది.

"దీకరీ, రోజూ పాడుతున్నావు, మంచిదే," అంది, గడప ఇవతలికి రాకుండానే. (దీకరీ అంటే బిడ్డా అనే.) "కానీ పాట ఎప్పుడూ మధ్యలోంచి మొదలుపెడతావెందుకు?"

"సాధన చేస్తున్నాను బా."

"అయితే పొద్దునపూట మెట్ల మీద కూర్చుని ఒక భజన పాడు. దాదా వింటారు, మనసు నెమ్మదిస్తుంది."

అలా నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. పొద్దున భజన, పగలంతా దగ్గు పాటలు.

మా నెత్తిన, మేడ మీది రేకుల గదిలో, ఒక కాశ్మీరీ చాచా ఉండేవాడు. ఏటా చలికాలంలో శాలువాల మూటలతో సూరత్ వచ్చి, వీధి వీధీ తిరిగి అమ్ముకుని, ఎండలు ముదరకముందే వెళ్లిపోయేవాడు. ఆ ఏడు మూట కట్టుకునేలోపే రైళ్లు ఆగిపోయాయి. సూరత్ ఎండలో, రేకుల కింద, అమ్ముడుపోని ఉన్ని శాలువాల మధ్య ఆయన ఇరుక్కుపోయాడు. నెత్తిన తడి తువ్వాలు వేసుకుని మెట్ల మీద కూర్చుని, "ఇంకా ఏప్రిలే కదా, ఇంతకన్నా ఎక్కువ ఎండ ఉండదులే," అనేవాడు. ఆయన మొహం చూస్తే మే నెల సంగతి చెప్పడానికి మాకెవరికీ మనసొప్పేది కాదు. (బాపు చెప్పేశాడు.)

ఒక సాయంత్రం ఆ చాచా మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అమ్మ గబగబా కొంగు ముక్కుకు కప్పుకుంది.

"బేటీ పాట వింటున్నాను చెల్లెమ్మా," అన్నాడు నెమ్మదిగా. "పాట పర్వాలేదు. దాని కింద దాక్కున్న దగ్గే బాగాలేదు."

బాపు ఏదో అనబోయాడు, అనబోతే దగ్గొచ్చింది, దగ్గు రాగానే నేను పాట అందుకున్నాను. చాచా చెయ్యెత్తి నన్ను ఆపాడు. "నా దగ్గర వద్దమ్మా. నేనెవరికీ చెప్పను," అన్నాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి గడప మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. అందులో ఒకదానికొకటి అతుక్కున్న గోధుమరంగు గింజలు కొన్ని. "బిహీదానా. నీళ్లలో నానబెట్టి, కాస్త పటికబెల్లం వేసి, ఆ జిగురు చప్పరించమనండి. గింజలు కొరకొద్దు. మా అమ్మమ్మ కాలం నుంచీ మా ఇంట్లో దగ్గుకు ఇదే."

అమ్మ నానబెట్టింది. కాసేపట్లో గ్లాసంతా చిక్కటి జిగురైంది. బాపు స్పూనుతో ఎత్తితే స్పూను పైకి వచ్చింది గానీ జిగురు గ్లాసును వదల్లేదు. "గిదేంది? నోట్లెకు పోతదా, లేకుంటె గోడకు పోస్టరంటియ్యాల్నా?" అన్నాడు. కళ్లు మూసుకుని మింగాడు. నిజం చెప్పాలంటే అది అద్భుతమేమీ చేయలేదు. కానీ గొంతులో గరగర తగ్గింది, దగ్గుకూ దగ్గుకూ మధ్య ఎడం పెరిగింది. నాలుగైదు పూటల తర్వాత అమ్మ ఒక పూట పూర్తిగా అన్నం తిన్నది. నా గొంతుకూ విశ్రాంతి దొరికింది.

పని లేక గదిలో అటూ ఇటూ తిరుగుతున్న బాపుకు ఆ గింజల మీద ధ్యాస మళ్లింది. మేడ మీద, తలో మూలా కూర్చుని, ఆయనా చాచా మాట్లాడుకోవడం మొదలైంది. ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకునేవారు. (బాపు హిందీ కూడా తెలుగులాగే ఉండేది, అందుకని తెలుగులోనే చెబుతాను.)

"భాయ్, గిదే చెట్టు గింజ?"

"బిహీ చెట్టు. ఆపిల్‌కు అక్క అనుకో. పండు పసుప్పచ్చగా ఉంటుంది, పైన మెత్తటి నూగు. పచ్చిది కొరికితే పళ్లూడతాయి, కూరలో ఉడికిస్తే ఎర్రబడి వెన్నలా అవుతుంది. ఒక్క పండు పెట్టెలో పెడితే చలికాలమంతా బట్టలు ఘుమఘుమలాడతాయి. మా ఊళ్లో అందరూ బిహీ చెట్లు కొట్టేసి ఆపిల్ పెట్టారు. మా పెరట్లో మా అమ్మమ్మ పెట్టిన పాత రకం ఒకటి మిగిలింది. ఈ గింజలు దానివే."

"అయితె ఈడ పెడదాం."

చాచా నవ్వాడు. "ఆ గింజ ఒక చలికాలం మంచు కింద నిద్రపోతే గానీ లేవదు భాయీ. సూరత్‌లో మంచు ఎక్కడిది?"

కింద బా వంటింట్లోంచి ఫ్రిజ్ గుర్రుమంటున్న చప్పుడు వినబడింది. బాపు, చాయ్ గ్లాసులు పట్టుకుని మేడెక్కిన నా వైపు చూశాడు. నాకు అర్థమైంది, వెంటనే అర్థం కానట్టు మొహం పెట్టాను.

ఆ ఫ్రిజ్ సంగతి మీకు చెప్పాలి. మా బిల్డింగులో అదొక్కటే. బా దాన్ని పూజగదిలా చూసుకునేది. ఉల్లిపాయ కూడా దాని ఛాయలకు వెళ్లకూడదు. మేమా, ఆదివారం వస్తే కోడికూర వండేవాళ్లం. మా చేతి డబ్బా ఆ ఫ్రిజ్‌లోకి వెళ్లడమంటే మాటలా? అయినా భజన పాడే పిల్లనన్న గౌరవం కొంత ఉంది కదా అని నన్నే పంపించారు.

"బా, ఇవి ఒక పండ్ల చెట్టు గింజలు. వానలు పడేదాకా చల్లగా ఉండాలి. మేడ మీద పెంచుతాం."

"నా ఫ్రిజ్ ఏమైనా హిమాలయమా?" అంది బా. డబ్బా మూత తీసింది, తడిగుడ్డలో గింజలు చూసింది, వాసన చూసింది. తలుపు వేసేస్తుందనుకున్నాను. "ఇందులో ప్రాణం ఉందా?" అని అడిగింది.

"చాచా ఉందనే అన్నాడు బా. నిద్రపోతోందట."

బా డబ్బా పట్టుకుని లోపలికి నడిచింది. ఆ డబ్బాను చింతపండుతో తోమింది, మళ్లీ తోమింది, గింజల్ని కొత్త గుడ్డలో చుట్టి, గుడ్డ తడి ఆరకూడదని నేను చెప్పాను కాబట్టి కాసిన్ని నీళ్లు ఎక్కువే పోసి, పై అరలో ప్రసాదం పక్కన పెట్టింది. ఆ ఎక్కువ పోసిన నీళ్లే కొంప ముంచాయి.

మే నెల మధ్యాహ్నం. బా కునుకు తీస్తోంది. దాదాకు దాహం వేసింది. సూరత్‌లో ఎండాకాలం దాహమంటే మంచినీళ్లతో తీరేది కాదు. పాలు, గులాబీ షర్బతు, అందులో నానిన తక్మరియా గింజలు, అంటే మన సబ్జా గింజలు. దాదా కళ్లద్దాలు పెట్టుకోకుండా ఫ్రిజ్ తీశాడు. స్టీలు డబ్బాలో జిగురుజిగురుగా ఉబ్బిన గింజలు కనబడ్డాయి. తన భార్య తన మనసెరిగి నానబెట్టిందనుకుని మురిసిపోయి, గ్లాసులో వంపుకున్నాడు.

బా కేక విని మేమంతా కిందికి పరుగెత్తాం. మాస్కులు సరిచేసుకుంటూ గుమ్మం బయట ఎడం ఎడంగా నిలబడ్డాం. దాదా మీసాల నిండా గులాబీ రంగు పాలు. చేతిలో ఖాళీ గ్లాసు.

"తక్మరియా అనుకున్నాను," అన్నాడు.

"తక్మరియా ఇంత లావుంటుందా?"

"ఈ మధ్య అన్నీ హైబ్రిడ్ కదా!"

బాపు మెట్టు మీద కూలబడ్డాడు. "అయిపాయె. మొత్తం తాగిండు. చెట్టుకు చెట్టే తాగిండు," అన్నాడు. చాచా ముందు దాదాను, "కొరికారా, మింగారా?" అని అడిగి, మింగాననగానే, "అయితే ఏమీ కాదు," అని ధైర్యం చెప్పాడు. బా మాత్రం వదల్లేదు. పరాయివాళ్లు నమ్మి ఇచ్చిన వస్తువని, ఈ వయసులో ఈ చాపల్యమేమిటని దులిపేస్తోంది. దాదా జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు, దగ్గొచ్చింది. లోపలినుంచి, ఎన్నాళ్లో తొక్కిపట్టిన దగ్గు.

అప్పుడు జరిగినదానికి నా ప్రమేయమేమీ లేదని మనవి చేసుకుంటున్నాను. దగ్గు చెవిన పడగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. పాట అందుకున్నాను. గట్టిగా, మధ్యలోంచి. అమ్మ గిల్లింది, ఆగలేదు. నన్ను చూసి బాపుకు నవ్వాగలేదు, నవ్వితే ఆయనకూ దగ్గొచ్చింది. ఇద్దరు దగ్గుతుంటే ఒక పాట చాలదనిపించి నేను శ్రుతి పెంచాను.

బా నన్ను చూసింది. దాదాను చూసింది. బాపును చూసింది. "ఓహో," అంది. "నీ సాధన ఇదా!"

నా పాట ఆగిపోయింది. అమ్మ చేతులు జోడించింది. బా ఆమెను చూడకుండా భర్త వైపు తిరిగింది. "మీకు ఎన్నాళ్ల నుంచి?"

"చాలా రోజులైంది," అన్నాడు దాదా తల వంచుకుని. "పొగాకు దగ్గే. జ్వరం గిరం ఏమీ లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"గది ఖాళీ చేయమంటావేమోనని."

ముందు చాచా నవ్వాడు. తర్వాత దాదా. చివరికి బా కూడా పైట అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ గడప మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఆమె ఎంత భయాన్ని మోస్తూ తిరిగిందో నాకు ఆ క్షణంలో తెలిసింది. లేచి లోపలికి వెళ్లి, డబ్బా అడుగున గుడ్డ మడతల్లో అతుక్కుపోయి మిగిలిన కొన్ని గింజల్ని తెచ్చి బాపుకు చూపించింది. "ఇవి చాలవా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఖాళీ చేయమనే మాట మా బిల్డింగులో మళ్లీ వినబడలేదు. డబ్బాకు మాత్రం బా ఎర్రదారం కట్టి పెట్టింది, దాదాకు కళ్లద్దాలు లేకపోయినా కనబడేలా.

రైళ్లు మొదలవగానే చాచా వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కూడా, "మొలవదు భాయీ, ఆశ పెట్టుకోకు," అనే అన్నాడు. వానాకాలం వచ్చింది, సాంచాలు మళ్లీ మొదలయ్యాయి, నా దుకాణమూ తెరిచారు. బాపు ఒక రంగు డబ్బాకు అడుగున బొక్కలు కొట్టి, మట్టీ ఎరువూ నింపి గింజలు పెట్టాడు. చాలా రోజులు ఏమీ కనబడలేదు. తర్వాత ఒక మొలక వచ్చింది. అది గడ్డి అని తేలింది. అప్పటికే బా దానికి కుంకుమ పెట్టేసింది. ఆ తర్వాత వచ్చాయి అసలువి, రెండు, గింజ టోపీలు నెత్తిన పెట్టుకుని. ఒకటి కుంభవృష్టికి పోయింది. రెండోది నిలబడింది. షెడ్డు నుంచి రాగానే బాపు ముందు మేడెక్కేవాడు, తర్వాతే గదిలోకి. "ఆకు సూడు బిడ్డా, వెనుక నూగున్నది. మా షెడ్డుల బట్ట లెక్క," అని మురిసిపోయేవాడు.

మరుసటి ఎండాకాలం రెండోసారి వచ్చింది కరోనా. ఈసారి వచ్చింది పాత దగ్గు కాదు. బాపుకు జ్వరం, ఆయాసం. ఆసుపత్రిలో మంచం కోసం దాదా తనకు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. బతిమాలాడు, అరిచాడు, మళ్లీ బతిమాలాడు, చివరికి సంపాదించాడు. అమ్మ బాపుతో ఆసుపత్రిలో ఉండిపోయింది. నాకూ జ్వరం తగలడంతో గదిలో ఒక్కదాన్నే మిగిలాను. ఒకప్పుడు దగ్గితే ఖాళీ చేయమన్న బా, రెండు పూటలా కిచిడీ వండి నా గుమ్మం ముందు పెట్టి, కింది మెట్టు మీద కూర్చునేది. "పాడు దీకరీ," అనేది. "లేచి తిన్నావని నాకెలా తెలియాలి?" నేను పడుకునే ఏదో ఒకటి పాడేదాన్ని. అది పాట కాదు, మూలుగు. అయిపోయాక కింది నుంచి, "బాగుంది," అని వినబడేది. తర్వాత ఆమె మోకాళ్లు పట్టుకుని మేడెక్కి చెట్టుకు నీళ్లు పోసే చప్పుడు.

ఒకరోజు అమ్మ ఫోను బాపు చెవి దగ్గర పెట్టింది. నా జన్మలో మొదటిసారి మా బాపు మాట నాకు వినబడలేదు. అంత పెద్ద గొంతు ఊపిరంత అయిపోయింది. ఫోను చెవికి అదిమి పట్టి విన్నాను. "చెట్టెట్లున్నది?" అన్నాడు. "మంచిగున్నది బాపు. కొత్త కొమ్మేసింది," అన్నాను. కొమ్మ వేసిందో లేదో నాకు తెలియదు, నేను గది దాటనే లేదు. (బాపు ఇంటికి వచ్చాక చూస్తే నిజంగానే వేసింది.) ఆయన మెట్టు మెట్టుకూ ఆగుతూ మేడెక్కి, చెట్టు పక్కన కూర్చుని, బా వైపు చూసి చేతులు జోడించాడు. బా, "చెట్టుకు దండం పెట్టు, నాకెందుకు," అని విసుక్కుంటూ కిందికి వెళ్లిపోయింది.

కిందటి చలికాలం రాలేకపోయిన చాచా ఆ చలికాలం వచ్చాడు. మేడెక్కగానే ఆ చెట్టును చూసి మూట భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు. అప్పటికది నా నడుమెత్తు ఉంది. ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. "ఇక్కడ దీనికి ఆకులే భాయీ," అన్నాడు కాసేపటికి. "చలి లేదు కదా, పూత రాదు." ఆ తర్వాత, ఎటో చూస్తూ, "నేనిక్కడ ఇరుక్కుపోయినప్పుడు తమ్ముళ్లు ఇల్లు పంచుకున్నారు. గోడ కట్టడానికి అమ్మమ్మ చెట్టు కొట్టేశారు. వేళ్లు కూడా తవ్వేశారు," అన్నాడు.

బాపు ఆ పూట సరిగా తినలేదు. అమ్మ అడిగితే ఆకలి లేదన్నాడు. తెల్లారి లేచి చూస్తే రంగు డబ్బాతో సహా చెట్టు చాచా గది తలుపు ముందు ఉంది.

"నువ్వు పోయేటప్పుడు కొంచపో," అన్నాడు బాపు.

"వద్దు భాయీ. ఇది నీ చెట్టు. పైగా గింజకు పుట్టింది, అచ్చం తల్లిలాగే కాస్తుందని చెప్పలేం."

"గీ పిల్ల నా లెక్క ఉన్నదా?" బాపు నన్ను చూపించాడు. "ఉన్నదా చెప్పు? అయినా నా బిడ్డనే గద. గట్లనే గిది గూడ మీ అమ్మమ్మ చెట్టు బిడ్డ. కొంచపో."

అందరికన్నా ఎక్కువ గొడవ చేసింది బా. నీళ్లు పోసింది తను, ఫ్రిజ్ ఇచ్చింది తను, తనను ఒక్క మాట అడగరా అని. మొదటి పండు తనకు పంపిస్తే తప్ప కదలనివ్వనంది. చాచా గుండె మీద చెయ్యేసుకుని ఒప్పుకున్నాడు. ఎండలు ముదరకముందే అందరం స్టేషనుకు వెళ్లాం. చాచా ఒక శాలువా తీసి చెట్టుకు చుట్టాడు. రైలు పెట్టె దగ్గర టికెట్ల ఆయన, "ఇదేమిటి?" అని అడిగాడు. చాచా సమాధానం వెతుక్కునేలోపు బాపు అందుకున్నాడు: "సూరత్‌ల పుట్టిండు సాబ్. అమ్మమ్మోళ్ల ఊరికి పోతుండు." టికెట్ల ఆయన చెట్టునూ శాలువానూ మార్చి మార్చి చూసి, "కిటికీ పక్కన కూర్చోబెట్టండి," అని వెళ్లిపోయాడు. రైలు కదిలాక బాపు చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. దాదా ఆయన భుజం మీద చెయ్యి వేసి, మాతోపాటు నిలబడ్డాడు.

మొన్నటి వసంతంలో చాచా ఫోటో పంపాడు. చెట్టు చాచా కన్నా ఎత్తుంది. కొమ్మల చివర్లలో ఒక్కొక్కటిగా తెల్లటి పూలు, రేకల అంచుల్లో లేత గులాబీ రంగు. బాపు ఆ ఫోటోను షెడ్డులో అందరికీ చూపించాడు. మనవడు పుట్టాడనుకుని ఎవరో మిఠాయి అడిగితే కొనిపెట్టాడు కూడా. కాయ ఇంకా నిలవలేదు. బా మాత్రం వారానికోసారి, "నా పండేది?" అని బాపును నిలదీస్తూనే ఉంది.

ఆ ఫోటోను దాచుకుంటుంటే నా పాత ఫోను బొమ్మల్లో ఇంకొకటి బయటపడింది. ఆ మొదటి వానాకాలంలో అమ్మ తీసింది. మాస్కు గడ్డం కిందికి లాగుకుని, చేతిలో నీళ్ల చెంబుతో, ఏమీ మొలవని రంగు డబ్బా ముందు నిలబడి ఉన్నాను. మొహంలో ఎంత కోపమో! ఉద్యోగమూ వయసూ లోకమూ అన్నీ నన్ను ఒక్కదాన్నే మోసం చేశాయన్నట్టు ఆ మట్టి వైపు గుడ్లురిమి చూస్తున్నాను. ఆ పిల్లను పిలిచి ఏదైనా చెప్పాలనిపించింది. ఏం చెప్పినా నమ్మే రకం కాదు. పోనీలే అనుకుని నవ్వుకున్నాను. అంత కోపంలోనూ, చూశారా, చెంబు వంచి నీళ్లు మాత్రం పోస్తూనే ఉంది.